పదో తరగతి అబ్బాయి, ఇరవై నాలుగు నిమిషాల లెక్క

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాము. మా అబ్బాయి పదో తరగతి, ఇంగ్లీషు మీడియం. సమీకరణం రాసి ఇస్తే చకచకా సాధిస్తాడు. దూరం, వేగం, కాలం మీద పద సమస్య ఇస్తే మాత్రం రెండుసార్లు చదివి పెన్ను పక్కన పెట్టేస్తాడు. ట్యూషన్‌లో పద్నాలుగు సూత్రాలు రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. పట్టాడు గానీ ఏ లెక్కకు ఏ సూత్రమో వాడికి తెలియడం లేదు. నేను తెలుగు మీడియంలో ఇంటర్ బైపీసీ చదివాను, లెక్కలు వదిలేసి చాలా ఏళ్లయింది. మా వారికి షిఫ్టు డ్యూటీలు. ఆ సూత్రాలనే మళ్లీ మళ్లీ చదివించమంటారా? నావల్ల అయ్యే సాయం ఏమైనా ఉందా? వాడి నోటు పుస్తకంలోని ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నాను.
— ఒక తల్లి, గాజువాక

సమాధానం:

అమ్మా,

మీరు ఉత్తరంతో పాటు ఆ పేజీని పంపడం చాలా మంచి పని. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో మాటల్లో చెప్పినదాని కంటే కొట్టివేతల్లోనే ఎక్కువగా తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ జిల్లా ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పినవాణ్ణి కనుక ఆ పేజీని తీరిగ్గా చూశాను. అందులోని లెక్కను తెలుగులో చెబితే ఇది: ఒక కారు 120 కిలోమీటర్ల దూరాన్ని ఒకే వేగంతో ప్రయాణించింది. దాని వేగం గంటకు 10 కిలోమీటర్లు ఎక్కువగా ఉండి ఉంటే 24 నిమిషాలు ముందుగా చేరేది. అయితే ఆ కారు వేగం ఎంత?

మీ అబ్బాయి ఎక్స్ అని రాసినచోట నేను వేగానికి గుర్తుగా 'వ' అని రాస్తాను. అతడు మొదట రాసిన వరుస ఇది: 120/వ − 120/(వ + 10) = 0.24. ఇందులో ఎడమవైపున ఉన్నదంతా సరైనదే. పద సమస్యలంటే భయపడతాడని మీరు అంటున్న పిల్లవాడు అసలు కష్టమైన పనిని ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేశాడు. పొరపాటు జరిగింది కుడివైపున ఉన్న ఆ 0.24 దగ్గర మాత్రమే. దానివల్ల వ(వ + 10) = 5000 అని వచ్చి, చివరకు 20100కు వర్గమూలం కట్టవలసి వచ్చింది. అది పూర్ణసంఖ్యగా తేలకపోయేసరికి మొత్తం తప్పనుకుని పైనుంచి కిందికి అడ్డగీత గీసి, ఆ పద్నాలుగు సూత్రాల్లో రెండింటిని తెచ్చి ఆ అడుగున ప్రయత్నించాడు. ఆ అడ్డగీత చూసి నాకు నిజంగా బాధ కలిగింది. తొంభై పాళ్లు సరిగా ఉన్న పనిని అతడు కొట్టివేయడానికి కారణం, ఏది సరైనదో, ఏది తప్పో తనంతట తాను పరీక్షించుకునే దారి ఎవరూ చూపకపోవడమే.

ముందుగా ఆ 24 నిమిషాల సంగతి చూద్దాం. రూపాయికి నూరు పైసలు కాబట్టి రూపాయి ఇరవై పైసలను 1.20 అని రాస్తాము. చిన్నప్పటి నుంచి ఆ చుక్కకు అలవాటు పడిన చెయ్యి, గంటా ఇరవై నిమిషాలను కూడా 1.20 అనే రాస్తుంది. గంటకు ఉన్నవి అరవై నిమిషాలే గనుక 24 నిమిషాలంటే గంటలో 24/60 వంతు, అంటే 2/5 వంతు. నా అనుభవంలో ఈ పాఠంలో పిల్లలు పోగొట్టుకునే మార్కులలో చాలా భాగం ఈ చుక్క దగ్గరే పోతాయి. వేగం 'గంటకు' అని ఉన్న లెక్కలో నిమిషాలు కనబడగానే, ఇంకేమీ చేయకముందే, వాటిని అరవైతో భాగించి భిన్నంగా రాసుకోమని చెప్పండి. దశాంశంలోకి మార్చవద్దు, భిన్నంగానే ఉంచితే తరువాతి పని తేలికవుతుంది. కుడివైపున 2/5 అని రాసి ముందుకు సాగితే వ(వ + 10) = 3000 అని వస్తుంది. దాన్ని (వ + 60)(వ − 50) = 0 అని విడగొట్టవచ్చు. ఇక్కడ వేగం ఋణసంఖ్య కాదు గనుక సమాధానం గంటకు 50 కిలోమీటర్లు. ఆ వేగంతో ప్రయాణానికి 2 గంటల 24 నిమిషాలు పడుతుంది, 60 కిలోమీటర్ల వేగంతో సరిగ్గా 2 గంటలు పడుతుంది. తేడా 24 నిమిషాలు. వదిలేసిన −60లోని 60 పెరిగిన తరువాతి వేగమే కావడం యాదృచ్ఛికం కాదు. పెరిగిన వేగాన్ని 'వ' అనుకుని అదే లెక్క మళ్లీ చేస్తే 60, −50 వస్తాయి. తీరిక ఉన్నప్పుడు అలా చేసి చూడమనండి, అబ్బాయికి సంతోషం కలుగుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. ఆ పద్నాలుగు సూత్రాలను మళ్లీ చదివించవద్దు. దూరం అంటే వేగాన్ని కాలంతో గుణించగా వచ్చేది అనే ఒక్క సంబంధం చాలు, మిగిలినవన్నీ దానినుంచి పుట్టినవే. సూత్రం తప్పని నేను అనడం లేదు. ప్రతి సూత్రమూ ఏదో ఒక షరతు మీద నిలబడుతుంది. బట్టీ పట్టినప్పుడు సూత్రం గుర్తుంటుంది గానీ షరతు గుర్తుండదు.

ఉదాహరణకు, మన ఊరి బీచ్ రోడ్డు మీద ఆర్.కె. బీచ్ నుంచి భీమిలికి దూరం లెక్క కోసం 24 కిలోమీటర్లు అనుకుందాం. ఉదయం ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, ఆదివారం సాయంత్రపు రద్దీలో గంటకు 24 కిలోమీటర్ల వేగంతో తిరిగి వస్తే సగటు వేగం ఎంత? నలభైని, ఇరవై నాలుగును కలిపి సగం చేసి 32 అని చాలామంది చెబుతారు. వెళ్లడానికి 36 నిమిషాలు, రావడానికి 60 నిమిషాలు, మొత్తం 96 నిమిషాల్లో 48 కిలోమీటర్లు తిరిగాము. అంటే సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లే. నెమ్మదిగా నడిచిన భాగంలో మనం ఎక్కువసేపు ఉంటాము కాబట్టి సగటు అటువైపు ఒరుగుతుంది. మీ అబ్బాయి జాబితాలో రెండు వేగాల లబ్ధాన్ని రెట్టింపు చేసి వాటి మొత్తంతో భాగించాలన్న సూత్రం ఒకటి ఉంది. అది ఇక్కడ సరిగ్గా 30 ఇస్తుంది, ఎందుకంటే పోయిన దూరం, వచ్చిన దూరం సమానం. అదే ఒక గంటసేపు 40 వేగంతోను, మరొక గంటసేపు 24 వేగంతోను నడిపామని ప్రశ్నలో ఉంటే ఆ సూత్రం తప్పుదారి పట్టిస్తుంది, అప్పుడు 32 సరైన సమాధానం. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం తెలిసిన పిల్లవాడికి ఈ రెండు సందర్భాలలో దేనిలోనూ ఇబ్బంది ఉండదు.

సూత్రాల స్థానంలో ఏమి పెట్టాలి అంటే, నేను తరగతిలో ఎన్నో ఏళ్లు చేయించినది ఒకటి చెబుతాను. లెక్క చదవగానే సమీకరణం రాయవద్దు, ముందు ఒక సమాధానాన్ని ఊహించి అది నిజమవుతుందో లేదో పరీక్షించాలి. పై కారు లెక్కలో వేగం 40 అనుకోమనండి. 120ని 40తో భాగిస్తే 3 గంటలు. వేగం 50 అయితే 2 గంటల 24 నిమిషాలు. కలిసి వచ్చినది 36 నిమిషాలు, కానీ లెక్కలో చెప్పింది 24 మాత్రమే. కాబట్టి 40 తప్పు. ఇప్పుడు 60 అనుకుంటే 2 గంటలు, 70 అయితే సుమారు గంటా 43 నిమిషాలు, కలిసి వచ్చినది 17 నిమిషాలు. ఇదీ తప్పే, అయితే జవాబు 40కీ 60కీ మధ్య ఉందని తెలిసిపోయింది. ఈ రెండు తప్పు ఊహలనూ పరీక్షించేటప్పుడు పిల్లవాడు చేసిన పనిని వరుసగా కాగితం మీద పెట్టించండి: 120ని అనుకున్న సంఖ్యతో భాగించాడు, ఆ సంఖ్యకు పది కలిపి మళ్లీ 120ని భాగించాడు, మొదటిదానిలోంచి రెండోది తీసివేసి 24 నిమిషాలతో పోల్చాడు. ఆ 40 కూర్చున్న ప్రతిచోటా 'వ' అని రాస్తే సమీకరణం దానంతట అదే తయారవుతుంది. మన పూర్వ గణితజ్ఞులు తెలియని రాశిని 'యావత్తావత్' అన్నారు. 'ఎంత అయితే అంత' అని దాని అర్థం. ఈ ఊహించే పద్ధతిలో ఆ మాట అర్థం పిల్లవాడి చేతికి తగులుతుంది. పైగా చివరలో 65 లాంటి జవాబు వచ్చిందంటే అది 40కీ 60కీ మధ్య లేదు గనుక ఎక్కడో చిన్న తప్పు జరిగిందని అతడికే తెలుస్తుంది. మీ అబ్బాయి ఆ 20100 వర్గమూలాన్ని ఓపికగా కట్టి లెక్క పూర్తిచేసి ఉంటే వచ్చే వేగం దాదాపు 66. ముందుగా ఊహించి చూసుకుని ఉంటే పేజీ మొత్తాన్ని కొట్టివేయకుండా ఆ 0.24 దగ్గరకు తిరిగి వెళ్లేవాడు.

ఊహించడం అలవాటైన తరువాత పట్టిక గీయడం నేర్పించండి. నిలువుగా దూరం, వేగం, కాలం అని మూడు గడులు, అడ్డంగా ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్క వరుస. కారు ఒకటే అయినా ప్రయాణాలు రెండు: నిజంగా జరిగినది, జరిగి ఉంటే అనుకున్నది. చాలామంది పిల్లలు ఒక వాహనానికి ఒక వరుస చాలనుకుని ఇక్కడే చిక్కుపడతారు. ప్రతి వరుసలోనూ ఒక గడిని ప్రశ్న నింపుతుంది, మరొక గడిలో 'వ' గానీ దానితో ముడిపడినది గానీ ఉంటుంది, మూడో గడిని మాత్రం ప్రశ్నలో వెతకకుండా మిగతా రెండింటి నుంచి కట్టుకోవాలి. అలా పట్టిక నిండిన తరువాత, ప్రశ్నలో ఇంకా వాడుకోని మాట ఒకటి మిగిలిపోతుంది. మన లెక్కలో అది '24 నిమిషాలు ముందుగా' అన్నది. మిగిలిపోయిన ఆ మాటే సమీకరణం. 'వ' అంటే ఏమిటో పట్టిక పైన ఒక పూర్తి వాక్యంలో రాయించడం మరిచిపోవద్దు. 'వ = కారు' అని రాస్తే పనికిరాదు, 'కారు మొదటి వేగం గంటకు వ కిలోమీటర్లు' అని రాయాలి. అక్షరం నిలబడేది ఒక సంఖ్యకు, వస్తువుకు కాదు.

ఇక భాష గురించి కొంచెం ఎక్కువగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ లెక్కల్లో తప్పులు బీజగణితంలో కంటే చదవడంలోనే ఎక్కువగా పుడతాయి. 'ముందు' అన్న చిన్న మాటనే తీసుకోండి. రెండు వాహనాలు ఒకేసారి బయలుదేరి, ఒకటి అరగంట ముందు చేరిందంటే దాని ప్రయాణకాలం అరగంట తక్కువ. ఒకటి అరగంట ముందు బయలుదేరి, రెండూ దారిలో ఒకచోట కలిశాయంటే దాని ప్రయాణకాలం అరగంట ఎక్కువ. మాట ఒకటే, గుర్తులు మాత్రం ఎదురెదురు. అలాగే 'బస్సు వేగం కంటే కారు వేగం గంటకు 20 కిలోమీటర్లు ఎక్కువ' అని చదివినప్పుడు మన వాక్యంలో బస్సు ముందు వస్తుంది, 'ఎక్కువ' అన్న మాట చివర వస్తుంది. చదివిన వరుసలోనే రాసుకుంటూ పోయే పిల్లవాడు బస్సు = కారు + 20 అని రాసేస్తాడు. మాటల వరుసను బట్టి గుర్తు పెట్టకుండా, ఈ రెండింటిలో ఏది పెద్దది అని ముందు నోటితో చెప్పించండి. కారు పెద్దది అని చెప్పిన తరువాత, పెద్దది = చిన్నది + తేడా అని రాయమనండి. వేగం పెద్దదైతే అదే దూరానికి కాలం చిన్నది అవుతుందన్న సంగతి మీ గాజువాక వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్ఏడీ కూడలి మీదుగా మద్దిలపాలెం చేరడానికి ఉదయం ఎనిమిదింటికి పట్టే సమయానికీ, మధ్యాహ్నం రెండింటికి పట్టే సమయానికీ ఉన్న తేడా రోజూ చూస్తూనే ఉంటారు.

ఎదురెదురుగా వచ్చే రైళ్ల లెక్క కూడా అదే పేజీ అడుగున సగంలో ఆగి ఉంది, కాబట్టి ఆ రకానికి ఒకటి చేసి చూపుతాను. విశాఖపట్నం, విజయవాడల మధ్య రైలు దూరం 350 కిలోమీటర్లు. ఉదయం 6 గంటలకు విశాఖ నుంచి ఒక రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతోను, 7 గంటలకు విజయవాడ నుంచి మరొక రైలు గంటకు 85 కిలోమీటర్ల వేగంతోను బయలుదేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా వస్తున్నాయనుకుందాం. 350ని 145తో భాగించేవారు మొదటి రైలు ఒంటరిగా నడిచిన గంటను మరిచిపోతున్నారు. ఏడు గంటలకు గడియారాన్ని ఆపి పటం చూస్తే, మొదటి రైలు అప్పటికే 60 కిలోమీటర్లు వచ్చేసింది, రెండింటి మధ్య మిగిలినది 290 కిలోమీటర్లు. అక్కడి నుంచి గంటగంటకూ ఆ దూరం 60, 85 కలిపి 145 చొప్పున తరుగుతుంది కాబట్టి రెండు గంటల్లో, అంటే తొమ్మిదింటికి అవి ఎదురవుతాయి. అప్పటికి మొదటిది 180, రెండోది 170 కిలోమీటర్లు నడిచాయి, మొత్తం 350 సరిపోయింది. విశాఖ నుంచి 180 కిలోమీటర్లంటే సామర్లకోట దాటి, రాజమహేంద్రవరం ఇంకా రాని చోటు. జవాబు వచ్చాక దాన్ని ఇలా తెలిసిన ఊళ్ల మధ్య పెట్టి చూసే పిల్లవాడు, విజయవాడ అవతల ఎక్కడో రెండు రైళ్లు కలిశాయని ఎప్పటికీ రాయడు.

ఎదురుగా వచ్చేవాటికి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతోను, ఒకే దిక్కుకు పోయేవాటికి వేగాల తేడాతోను భాగించాలని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదంలో ఒక శ్లోకం ఉంది. పదిహేను వందల ఏళ్లుగా నిలిచిన సూత్రమే అయినా, రెండూ కదులుతున్న క్షణం నుంచి కాలాన్ని లెక్కించాలన్న షరతు మనం చదవవలసిందే.

రైలు ప్లాట్‌ఫారం దాటే లెక్కలకు కాగితం కంటే బల్ల మేలు. స్కేలును ప్లాట్‌ఫారంగా, పెన్సిలును రైలుగా పెట్టి జరపమనండి. పెన్సిలు మొన స్కేలును తాకినప్పుడు మొదలై, తోక స్కేలును వదిలినప్పుడు ముగుస్తుంది కాబట్టి మొన నడిచిన దూరం రెండింటి పొడవుల మొత్తం. నేను పనిచేసిన ఒక బడికి దగ్గరలో రైలు గేటు ఉండేది. గేటు పడినప్పుడు పిల్లలను దూరంగా నిలబెట్టి, గూడ్సు బండి ఇంజను గేటు స్తంభాన్ని దాటిన క్షణం నుంచి చివరి పెట్టె దాటేవరకు సెకన్లు గట్టిగా లెక్కపెట్టించేవాణ్ణి. అలా ఒకసారి లెక్కపెట్టిన పిల్లలు స్తంభానికి పొడవు కలపాలా వద్దా అని మళ్లీ అడగలేదు. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చడానికి 5/18తో గుణించాలని మీ జాబితాలో ఉంది. అది 1000ని 3600తో భాగిస్తే వచ్చినదేనని ఒక్కసారి చేసి చూపిస్తే చాలు. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. 360 మీటర్ల రైలు ఆ వేగంతో స్తంభాన్ని 24 సెకన్లలోను, 240 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని 40 సెకన్లలోను దాటుతుంది. పడవలు, ప్రవాహాల లెక్కలకు కొత్తగా నేర్పవలసినది ఏమీ లేదు. ప్రవాహంతో పాటు పోయేటప్పుడు వేగాలు కలుస్తాయి, ఎదురీదేటప్పుడు తరుగుతాయి, పట్టిక మాత్రం అదే.

మీరు చేయగల సాయం ఉందా అని అడిగారు. బైపీసీ చదివినందువల్ల మీకు ఇందులో లోటు ఏమీ లేదు, ఎందుకంటే మీరు చేయవలసినది లెక్క కాదు, వినడం. రోజుకు ఒక్క లెక్క చాలు. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నను చదివి, పుస్తకం మూసి, అంకెలు ఒక్కటీ లేకుండా తెలుగులో మీకు కథగా చెప్పమనండి: ఎవరు బయలుదేరారు, ఎటు వెళ్లారు, రెండు ప్రయాణాల్లో ఏది సమానం, ఏది ఎక్కువ. మీకు అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి, మళ్లీ చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా అతడు కథ చెప్పగలిగినప్పుడే పెన్ను చేతికి ఇవ్వండి. మొదటి వారం పది నిమిషాల లెక్కకు అరగంట పడుతుంది, తొందరపెట్టవద్దు. తప్పు వచ్చిన పనిని అడ్డంగా కొట్టివేయనివ్వకుండా, పక్కన చిన్న గీత మాత్రం పెట్టించి అలాగే ఉంచమనండి. పరీక్షలో కూడా సరైన సోపానాలకు మార్కులు ఉంటాయి, కొట్టివేసినవాటికి ఉండవు.

ఈ రాత్రి అబ్బాయికి ఈ లెక్క ఇవ్వండి. విశాఖపట్నం నుంచి విజయనగరానికి 60 కిలోమీటర్లు అనుకుందాం. ఉదయం 6 గంటలకు ఒక బస్సు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. అరగంట తరువాత అదే దారిలో ఒక కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. విజయనగరం చేరేలోగా కారు బస్సును దాటి ముందుకు వెళ్తుందా, వెళ్లదా? జవాబు నేను ఇక్కడ రాయడం లేదు. అతడు ముందు ఏమి ఊహించాడో, పట్టిక ఎలా గీశాడో కనబడేలా ఆ పేజీని కూడా ఫొటో తీసి పంపండి, చూసి రాస్తాను.